దమయంతి రెండు కిడ్నీలు

పలాసకు పోస్టింగ్ వచ్చిందని తెలియగానే కుర్ర డాక్టర్లు ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. క్వార్టర్స్ ఉంటాయా మేడమ్, అక్కడి నీళ్ళు తాగొచ్చా, ఎన్నాళ్ళకు బదిలీ దొరుకుతుంది అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు నా దగ్గర మంచి జవాబులు లేవు. నేను టెక్కలిలో పుట్టినదాన్ని. మా నాన్న బడిపంతులు. చదువైపోయాక పలాసలో జనరల్ మెడిసిన్ డాక్టరుగా కుదురుకున్నాను, రిటైరైనా ఊరు వదలలేదు. నన్ను అడగాల్సింది బదిలీ గురించి కాదు. ఇక్కడ ఏం చూశారు అని అడిగితే మాత్రం చెప్పడానికి చాలా ఉంది.

కిడ్నీని చూశాను. పుస్తకంలో అది రక్తాన్ని వడగట్టే అవయవం. పలాస చుట్టుపక్కల తోటల సీమ ఉద్దానంలో అది ఇంటింటి మాట. కొబ్బరితోటలో, జీడితోటలో, పెళ్ళి పందిట్లో, కిడ్నీ పాడైనకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎంతని అడిగి పలకరించుకునే ఊళ్ళు ఇవి. ఈ జబ్బు ఇక్కడే ఎందుకింత ఎక్కువో ఇదమిత్థంగా ఎవరూ తేల్చలేదు. తేల్చినట్టు మాట్లాడేవాళ్ళని నమ్మకండి. నేను చెప్పబోయేది ఆ జబ్బు గురించి కాదు. ఒక మనిషి గురించి, ఆమె కిడ్నీల గురించి.

పెద్దాయన నేర్పిన ప్రశ్న

నేను చేరినప్పుడు మా విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవారు. ఆయన్ని అందరం పెద్దాయన అనే అనేవాళ్ళం. మాట కటువు. సోంపేట వైపు మనిషి. కోపం వస్తే యాస బయటికొచ్చేది.

చేరిన కొత్తలో ఒక ముసలాయన్ని పరీక్ష చేస్తూ, "ఏం మందులు వాడుతున్నావు తాతా?" అని అడిగాను. "ఏటీ వాడను" అన్నాడు. మందులేవీ వాడడం లేదని నేను రాసుకుంటుంటే పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డారు.

"తాతా, మోకాలు నొప్పొస్తే ఏటి సేత్తావు?" అని అడిగారు.

"బడ్డీకాడ బిళ్ళ కొనుక్కుంటాను బాబూ. పనికెల్లే రోజు పొద్దుట ఒకటి, వొచ్చీసినాక ఒకటి."

"ఎన్నాళ్ళబట్టి?"

ముసలాయన నవ్వాడు. "పనికెల్లినకాడ్నుంచి."

పెద్దాయన నా వైపు తిరిగారు. "మందంటే డాక్టరు ఇచ్చేదమ్మా. ఈళ్ళ లెక్కలో నొప్పి బిళ్ళ మందు కాదు, బీడీ లాంటిది. మందు సంగతి అడక్కు. నొప్పొస్తే ఏటి సేత్తావని అడుగు."

నాకు తెలిసిన వైద్యంలో సగం ఈ ఒక్క ప్రశ్నే. మిగతా సగం పుస్తకాల్లో దొరుకుతుంది.

కొండవైపు పిల్ల

దమయంతిని మొదట రోగి తాలూకు మనిషిగానే చూశాను. భర్త కూర్మారావు వజ్రపుకొత్తూరు వైపు రైతు. కొంచెం కొబ్బరి, కొంచెం జీడి. నడివయసు రాకముందే కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి తీసుకొచ్చేది. ఆమెది మందస అవతల కొండల కింది ఊరు, మేనరికం కాబట్టి ఉద్దానంలో కోడలైంది. మొగుణ్ణి "మావా" అని పిలిచేది. యంత్రం తిరుగుతున్నంతసేపూ పక్కన కూర్చుని జీడిపిక్కల ధర మొదలుకొని పొరుగింటి ఆవు ఈనిన సంగతి దాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది.

కిడ్నీ మార్పిడి మాట నేనే ఎత్తాను. దమయంతికి పరీక్షలు చేయిస్తే ఆమె కిడ్నీ అతనికి సరిపోయింది. కూర్మారావు ఒప్పుకోలేదు. నా ఎదుటే వాదన పెట్టుకున్నారు.

"నీది కోయించీసి నాను బతకాలేటి? పిల్లలకి ఒక్కరైనా గట్టిగా ఉండాలి గదా," అన్నాడు.

"పిల్లలకి ఇద్దరం కావాలి," అంది.

"రేపు నీకేటైనా అయితే?"

"మావా, దేవుడు గుండికాయ ఒకటే ఇచ్చినాడు. అడిగినా ఇవ్వను. ఇవి రెండిచ్చినాడు. ఒకటి ఎవులికైనా ఇవ్వడానికి గాకపోతే రెండెందుకు?"

కూర్మారావు నా వైపు చూశాడు. చివరికి కాగితాల మీద సంతకం పెట్టాడు.

విశాఖపట్నంలో ఆపరేషన్ జరిగింది. ఆమె ఎడమ కిడ్నీ అతని కుడి పొత్తికడుపులో కుదురుకుంది. కొన్నాళ్ళకు మళ్ళీ తోటలోకి వెళ్ళాడు. పరాయి అవయవాన్ని ఒళ్ళు తోసెయ్యకుండా అతనికి జీవితాంతం కొన్ని మందులుంటాయి. నొప్పి బిళ్ళలు ముట్టొద్దని అక్కడా చెప్పారు, ఇక్కడ నేనూ చెప్పాను, ఊరంతా చెప్పింది. పెళ్ళిలో ఎవరైనా తలనొప్పి బిళ్ళ అందిస్తే పక్కవాడు లాగేసుకునేవాడట.

అతను తిరిగి లేవడం ఊరంతా చూసిన అద్భుతం, రెండోది ఎవరికీ కనబడనిది. కొన్నాళ్ళ తరువాత దమయంతికి స్కానింగ్ చేయించాం. ఆమె ఒంట్లో మిగిలిన కిడ్నీ పెరిగింది. తోడు పోయిందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని, ఆ పని కూడా తనే నెత్తినేసుకుని, ఒళ్ళు పెంచుకుంది. ఇలా జరుగుతుందని పాఠంలో ఎప్పుడో చదివాను. తెర మీద చూస్తే పాఠం గుర్తురాలేదు, దణ్ణం పెట్టాలనిపించింది.

వారానికొకసారి మందు

కొన్నేళ్ళకు దమయంతి చేతివేళ్ళు వాచాయి. పొద్దున్న లేచేసరికి పిడికిలి మూసుకోవడం రాదు, చెంబు పట్టుకోలేదు. కీళ్ళవాతం. ఉద్దానంలో ఆడవాళ్ళ చేతులు ఊరికే ఉండవు, జీడిపిక్కలు కొట్టాలి, కొబ్బరిపీచు తియ్యాలి. విశాఖలో కీళ్ళ డాక్టరుకి చూపించమని పంపాను. ఒక్క కిడ్నీ మనిషని ఆయనకు ఫోన్లో చెప్పాను. అన్ని పరీక్షలూ చేసి, చాలా తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. వారానికి ఒక్కరోజే, ఆదివారం. నొప్పి బిళ్ళలు వద్దని ఆమెకూ చెప్పారు.

ఈ మందు మీ కుర్ర డాక్టర్ల చేతిలోకి తరచూ వస్తుంది కాబట్టి నాకు అర్థమైన మేరకు చెబుతాను. మన కణాలు కొత్త కణాలను పుట్టించుకోవాలంటే ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ కావాలి. మెథోట్రెక్సేట్ అచ్చం దానిలాగే ఉంటుంది. కణం మోసపోయి దీన్ని తీసుకుంటుంది, తీసుకున్నాక పని జరగదు. పెద్ద మోతాదులో క్యాన్సర్ కణాలను ఇలాగే ఆపుతారు. చిన్న మోతాదులో కీళ్ళ మీద పడి కొరికే కణాలను శాంతింపజేస్తారు. ఇలాంటి వాటిని యాంటీమెటబొలైట్లు అంటారు. కూర్మారావు మందుల్లో ఒకటి కూడా ఈ కుటుంబంలోదే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే జాతి మందు మింగుతూ, ఒకే మనిషి కిడ్నీలతో బతుకుతున్నారు.

ఈ మందు పని చేశాక చాలామటుకు కిడ్నీ గుండానే బయటికి పోవాలి. పోకపోతే ఒంట్లో పేరుకుంటుంది. త్వరత్వరగా పుట్టే కణాలున్న చోటల్లా దెబ్బకొడుతుంది. నోరు, పేగులు, ఎముకల్లోని మూలుగ, వరసగా అన్నీ.

మందు పనిచేసింది. మూడో నెలకో నాలుగో నెలకో దమయంతి ఆస్పత్రికి వచ్చి, నా బల్ల మీద చెయ్యి పెట్టి, పిడికిలి మూసి తెరిచి చూపించింది. "సూడండి డాట్రమ్మా, కీళ్ళలో కందిరీగలు ఎల్లిపోనాయి," అంది. కీళ్ళ నొప్పిని అంతకన్నా బాగా చెప్పినవాళ్ళు లేరు.

తుఫాను తరువాత

ఆ ఏడు తుఫాను బారువ నుంచి కిందిదాకా తీరమంతా ఊడ్చేసింది. కొబ్బరిచెట్లు మొదళ్ళతో పడ్డాయి. జీడితోటలు తలకిందులయ్యాయి. గాలి ఆగిన మర్నాటి నుంచీ ఆడా మగా అందరూ గొడ్డళ్ళు పట్టుకుని తోటల్లోనే ఉన్నారు. కరెంటు లేదు, బోర్లు పనిచెయ్యవు, తాగే నీళ్ళకి వరస. పైన ఎండ.

దమయంతి కూడా మట్టలు లాగింది, కొమ్మలు మోసింది. చేతులు మళ్ళీ వాచాయి. ఊళ్ళో అందరికీ చిన్నా పెద్దా రోగాలకు మందిచ్చే జగన్నాథం అనే ఆర్ఎంపీ ఉన్నాడు. అతని దగ్గరికెళ్ళింది. సూది వేశాడు, కొన్ని బిళ్ళలిచ్చాడు. వాపు తగ్గింది. మళ్ళీ మట్టలు లాగింది. ఆదివారం వచ్చింది, తన మందు తను వేసుకుంది.

మరో వారం తిరగకుండానే కూర్మారావు ఆమెను ఆటోలో పలాస తీసుకొచ్చాడు. పెదవులు పగిలి నెత్తురు. నోరంతా పుళ్ళు, నీళ్ళు కూడా మింగలేదు. జ్వరం. మూత్రం దాదాపు ఆగిపోయింది. రక్తపరీక్ష చూస్తే తెల్లకణాలు అడుగంటాయి, ప్లేట్‌లెట్లూ అంతే. క్రియాటినిన్ ఆమె మామూలు లెక్కకు కొన్ని రెట్లు.

మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుందేమోనని మొదటి అనుమానం. అలా పొరపాటు పడేవాళ్ళు ఉంటారు. అడిగాను. తల అడ్డంగా ఊపింది. "ఆదోరమే," అంది.

"నొప్పి బిళ్ళలు?"

"ఒట్టు డాట్రమ్మా. నొప్పి బిళ్ళ ఒక్కటీ ముట్టలేదు. విశాఖ డాట్రు వద్దన్నాడు గదా."

అబద్ధం చెప్పే మనిషి కాదు. అప్పుడు పెద్దాయన గుర్తొచ్చారు.

"చేతులు వాచినప్పుడు ఏం చేశావు?"

"వాపుకి సూది ఏయించుకున్నాను. వాపు మందు."

నొప్పి బిళ్ళ వేరు, వాపు మందు వేరు అనుకుంది. తప్పేముంది? రెండు పేర్లు విన్నది, రెండు మందులనుకుంది. డాక్టరు చెప్పిన మాట జవదాటలేదు కూడా.

జగన్నాథానికి కబురు పెట్టాను. దాక్కుంటాడనుకున్నాను. గంటలో బండి మీద వచ్చాడు, ఇచ్చిన సూదిమందు సీసా, బిళ్ళల అట్ట చేతిలో పట్టుకుని. డైక్లోఫెనాక్. నేను నోరు తెరవకముందే అతనే మొదలుపెట్టాడు.

"కూర్మారావుకైతే నేను పొరపాటున కూడా ఇవ్వనండి. ఆడు కిడ్నీ మనిషని ఊరందరికీ తెలుసు. ఈవిడ కిడ్నీ ఇచ్చిన మనిషి గదండీ. జబ్బు మనిషి కాదు గదా?"

నాకు కోపం రాలేదు. ఊరి మనసులో ఏముందో అదే అతని నోట వచ్చింది. పుచ్చుకున్నవాడి కిడ్నీకి ఊరంతా కాపలా. ఇచ్చినామె ఒంట్లో మిగిలినదాన్ని గురించి ఊళ్ళో తలిచినవాళ్ళు లేరు. ఆమెతో సహా.

ఒంట్లో ఏం జరిగిందో చెబుతాను. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను తెరిచి ఉంచడానికి ఒంట్లోనే పుట్టే కొన్ని రసాయనాలున్నాయి. నీళ్ళు లేక, చెమట కారి ఒళ్ళెండినప్పుడు కిడ్నీ వాటిని నమ్ముకునే నిలబడుతుంది. కీళ్ళలో వాపూ నొప్పీ తెచ్చేవీ ఆ రసాయనాలే. డైక్లోఫెనాక్‌కి ఇక్కడ అక్కడ అనే తేడా తెలియదు. వేళ్ళలో వాపు తగ్గించింది, అదే చేత్తో కిడ్నీకి రక్తం తగ్గించింది. బయటికి పోవలసిన మెథోట్రెక్సేట్ లోపలే ఆగింది. ఆగినకొద్దీ కిడ్నీ ఇంకా నీరసించింది, నీరసించినకొద్దీ మందు ఇంకా ఆగింది.

కూర్మారావు అడిగింది

రెండు మందులూ ఆపాం. నరంలోకి నీళ్ళు ఎక్కించాం. ఈ విషానికి విరుగుడు ఫోలినిక్ ఆసిడ్, మోసపోయిన కణాలకు అసలు సరుకు అందించడం లాంటిది. మా దగ్గర లేదు. విశాఖ కీళ్ళ డాక్టరు ఫోనెత్తిన వెంటనే మందు సంపాదించి, పలాస వచ్చే రైల్లో తెలిసినాయన చేతికిచ్చి పంపారు. స్టేషనుకి వెళ్ళి దాన్ని తెచ్చింది జగన్నాథం. రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం దిగకుండా అక్కడే నిలబడ్డాడట.

డయాలసిస్ అవసరం పడవచ్చని యంత్రం సిద్ధం చేయించాను. కూర్మారావు ఆ గది గుమ్మంలో ఆగిపోయాడు. తను ఎన్నోసార్లు పడుకున్న మంచమే. ముఖానికి మాస్కు కట్టుకుని ఉన్నాడు. అతని మందుల వల్ల అంటువ్యాధులు తేలిగ్గా పట్టుకుంటాయి. లోపల్నుంచి దమయంతి పుళ్ళ నోటితోనే కేకలేస్తోంది.

"మావా, నువ్వు ఎల్లిపో. ఇక్కడందరికీ జొరాలు. నీకేటైనా అంటుకుంటాది."

అతను కదల్లేదు. నన్ను పక్కకు పిలిచాడు.

"డాట్రమ్మా, ఒక మాట అడుగుతాను. తిట్టకండి. దానిది దానికి తిరిగి పెట్టీవచ్చా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నా కడుపులో ఉన్నది దానిదే గదా. బాగానే పనిచేత్తంది గదా. తీసీసి దానికి పెట్టీండి. నాను మళ్ళీ మిషనెక్కుతాను. నాకలవాటే."

అతను నిజంగానే అడిగాడు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేటట్టున్నాడు. అలా కుదరదని, ఆమె కిడ్నీ చచ్చిపోలేదని, తేరుకునే ఆశ ఉందని చెప్పాను. తేరుకోకపోతే, అన్నాడు. అప్పుడు చూద్దామన్నాను. మళ్ళీ దమయంతి మంచం దగ్గరికి వెళ్ళాను.

ఆ తరువాతి రోజులు మూత్రం సంచీ వైపు చూస్తూ గడిచాయి. బయటివాళ్ళకి ఇది నవ్వులాటగా ఉంటుంది. సంచీ అడుగున టీ రంగు చుక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. నర్సులు గదిలోకి రాగానే ముందు మంచం కిందికి వంగేవాళ్ళు. రక్తం ఎక్కించాం, జ్వరానికి మందులిచ్చాం. పరీక్ష చేసినప్పుడల్లా క్రియాటినిన్ పెరుగుతూనే ఉంది. తరువాత పెరగడం ఆగింది. ఆగిందంటే మేం నమ్మలేదు, మళ్ళీ చేయించాం.

ఒక ఉదయం రౌండ్స్‌కి వెళ్ళేసరికి నర్సు గుమ్మంలోనే ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. సంచీ సగం నిండి ఉంది. లేత పసుపు, నీళ్ళలాగా తేటగా ఉంది. నా సర్వీసులో పెద్ద పెద్ద వాళ్ళు పెద్ద పెద్ద పనులు చెయ్యడం చూశాను. ఎవరూ చూడని చోట, గుప్పెడంత మాంసం, రక్తం అందక సొమ్మసిల్లి, మళ్ళీ లేచి తన పని తను మొదలుపెట్టడం కన్నా గొప్పది చూళ్ళేదు. మేం దానికి దారి ఇచ్చామంతే. నడిచింది అదే. యంత్రం వాడే అవసరం రాలేదు.

నోటి పుళ్ళు మానాయి. రక్తకణాలు మామూలు లెక్కకొచ్చాయి. మొదటిసారి గంజి మింగగలిగినప్పుడు దమయంతి అడిగిన మాట: "మావ తిన్నాడా?"

మీకు చెప్పేది

మెథోట్రెక్సేట్‌ని భూతంలా చూడకండి. అది లేకపోతే దమయంతి చేతులు ఎప్పుడో కొయ్యబారేవి. దాన్ని నొప్పి మందులతో కలిపి వాడే కీళ్ళ డాక్టర్లున్నారు, వాళ్ళని తప్పు పట్టను. కిడ్నీలు గట్టిగా ఉన్నవాళ్ళకు, పరీక్షలు తప్పకుండా చేయించుకునేవాళ్ళకు అది చెల్లుతుంది. ఈ తీరంలో మాత్రం కిడ్నీలు గట్టిగా ఉన్నాయని ముందు చూసుకోవాలి, అనుకోకూడదు. ముసలివాళ్ళు, నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు, వాంతులు విరేచనాలతో ఒళ్ళెండినవాళ్ళు, ఒక్క కిడ్నీతో బతికేవాళ్ళు, ఈ మందు మీద ఉంటే వాళ్ళ దగ్గరికి నొప్పి మందు రానివ్వకండి.

పెయిన్ కిల్లర్ వద్దని చెప్పి ఊరుకోకండి. నొప్పి బిళ్ళ, వాపు మందు, ఒళ్ళునొప్పుల సూది, అన్నీ ఒకటేనని చెప్పండి. అట్ట చూపించండి. మరి నొప్పొస్తే ఏం వేసుకోవాలో కూడా చెప్పండి. వద్దు అనే మాట ఒక్కటే ఇచ్చి పంపితే నొప్పి ఊరుకోదు, ఏదో ఒక గుమ్మం తొక్కిస్తుంది. నోట్లో పుళ్ళు మొదలైతే మందు ఆపి పరుగెత్తి రమ్మనండి.

ఊళ్ళో ఆర్ఎంపీలని పురుగుల్లా చూసే డాక్టర్లతో పనిచేశాను. నాకు నచ్చలేదు. జగన్నాథం చేసింది తప్పే, అతనికి మొహం మీదే చెప్పాను. కానీ ఆ సీసా పట్టుకుని తనంతట తను వచ్చాడు. తిడతారని భయపడి ఉంటే వచ్చేవాడు కాదు. వాళ్ళు మీ దగ్గరికి రాగలిగేటట్టు ఉండండి. ఇప్పుడతను సూది తియ్యకముందు, ఇంకేం మందులేసుకుంటున్నావని ప్రతివాళ్ళనీ అడుగుతాడు.

స్కానింగ్ గది

కొన్ని నెలల తరువాత ఇద్దరూ కలిసి వచ్చారు. దమయంతికి కీళ్ళ డాక్టరు మెథోట్రెక్సేట్ మాన్పించి వేరే మందులు పెట్టారు. చేతులు మునుపటంత బాగా లేవు, పనికి వస్తున్నాయి. కూర్మారావుకి స్కానింగ్ రోజు. నేనూ లోపలికి వెళ్ళాను.

అతను చొక్కా పైకి లాగి పడుకున్నాడు. దమయంతి గోడకి ఆనుకుని నిలబడి, "నాను సూడొచ్చా?" అని అడిగింది. స్కానింగ్ డాక్టరు తెర అటు తిప్పారు.

"అదిగో, నువ్విచ్చింది," అన్నాను. "ఆ ఎర్రగా నీలంగా మెరిసేది లోపల పారే రక్తం."

అన్నేళ్ళలో ఆమె దాన్ని చూడడం అదే మొదలు. చాలాసేపు చూసింది. తెరకి దగ్గరగా వెళ్ళి, ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

కూర్మారావు లేచి కూర్చున్నాడు. "ఇప్పుడు నువ్వు పడుకో."

"నాకెందుకు మావా? ఈ రోజు నీది గదా."

"పడుకోయే."

పడుకుంది. వీపు పక్కన యంత్రం ఆనించగానే తెర మీద రెండోది కనిపించింది. మొదటిదానికన్నా పెద్దది, నిండుగా, అంతే మెరుస్తూ. మెడ తిప్పి చూసి దమయంతి నవ్వడం మొదలెట్టింది.

"ఒకటి అత్తోరింటికి ఎల్లిపోనాది, ఒకటి పుట్టింట్లో ఉండిపోనాది. ఎల్లిపోనదాన్నే అందరూ సూసొత్తన్నారు గానీ, ఇంట్లో ఉన్నదాన్ని ఎలాగున్నావే అని అడిగినోలు లేరు, పాపం!"

కూర్మారావు నవ్వలేదు. తన తుండుతో ఆమె నడుం మీది జిగురు తుడిచాడు. మళ్ళీ ఎప్పుడు రావాలో స్కానింగ్ డాక్టరు అతని కాగితం మీద రాయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇద్దరికీ ఒకే రోజు రాయండి బాబూ."